మెగ్గర్: ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే చేతి పరికరం

తెలుగునాట ఏ చిన్న పట్టణంలోనైనా మోటారు వైండింగ్ షాపు ఒకటి కనిపిస్తుంది. గుమ్మం ముందు విప్పేసిన మోటారు బాడీలు, లోపల రాగితీగ చుట్టలు, వీధి మలుపు దాకా వార్నిష్ వాసన. రైతు ఆటోలో తెచ్చి దింపిన మోటారును మెకానిక్ వెంటనే విప్పడు. ఒక వైరు మోటారు లీడుకు, ఇంకో వైరు బాడీకి తగిలించి, చేతిలోని పెట్టె మీద బటన్ నొక్కి పట్టుకుంటాడు. పాత షాపు అయితే పిడి పట్టుకుని గిరగిరా తిప్పుతాడు. ముల్లు సున్నా మీద వాలితే "బాడీ అయింది" అంటాడు. లోపలి తీగకూ బయటి ఇనుముకూ మధ్య ఉండాల్సిన అడ్డు పోయిందని ఆ మాటకు అర్థం. ఆ పెట్టె పేరు పుస్తకాల్లో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ టెస్టర్. షాపులో, సబ్‌స్టేషన్‌లో, ఫ్యాక్టరీలో మాత్రం అది మెగ్గరే. నకలు తీసే యంత్రం ఏ కంపెనీదైనా మనకు జిరాక్స్ అయినట్టే, ఒక కంపెనీ వ్యాపార నామం ఇక్కడ పరికరం పేరుగా స్థిరపడిపోయింది.

కరెంటు వెళ్లాల్సిన దారి రాగి, అల్యూమినియం. వెళ్లకూడని దారులన్నీ మూసి ఉంచేది ఇన్సులేషన్. వైరు మీది పీవీసీ తొడుగు, మోటారు తీగ మీది ఎనామిల్ పూత, స్లాట్లలో పెట్టే కాగితం, ట్రాన్స్‌ఫార్మర్‌లోని నూనె, స్తంభం మీది పింగాణీ, ఇవన్నీ ఆ పనే చేస్తాయి. అయితే ఏ ఇన్సులేషన్ కూడా కరెంటును నూటికి నూరుపాళ్లు ఆపలేదు. ఎంతో కొంత జారిపోతూనే ఉంటుంది. జారేది ఎంత తక్కువైతే నిరోధం అంత ఎక్కువ. అందుకే దాన్ని ఓమ్‌లలో కాక మెగాఓమ్‌లలో, అంటే పది లక్షల ఓమ్‌ల లెక్కన కొలుస్తారు. 500 వోల్టులు పెట్టినప్పుడు నిరోధం ఒక మెగాఓమ్ ఉంటే జారే కరెంటు అర మిల్లీ ఆంపియరు. 500 మెగాఓమ్‌లు ఉంటే ఒక మైక్రో ఆంపియరు మాత్రమే.

ఈ అంకెలు మనిషి ఒంటికి ఎలా తగులుతాయో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 230 వోల్టుల మోటారులో ఇన్సులేషన్ నిరోధం 23 వేల ఓమ్‌లకు పడిపోయిందనుకుందాం. ఎర్తింగ్ సరిగా లేని చోట, తడి నేల మీద నిలబడి ఆ బాడీని పట్టుకున్నవాడి గుండా, ఒంటి నిరోధాన్ని పక్కన పెడితే, సుమారు 10 మిల్లీ ఆంపియర్లు ప్రవహించే వీలుంది. దాదాపు ఆ స్థాయిలోనే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టు వదలాలన్నా వదలలేని స్థితి వస్తుంది. మోటారు అప్పటికీ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పోస్తూనే ఉంటుంది. 10 మిల్లీ ఆంపియర్లకు ఫ్యూజు కాలదు కాబట్టి పైకి ఏ తేడా కనిపించదు. లోపల పెరుగుతున్న ఈ ప్రమాదాన్ని ముందే బయటపెట్టడమే మెగ్గర్ పని.

మామూలు మల్టీమీటరుతో ఈ పని ఎందుకు కాదని చాలామంది అడుగుతారు. మల్టీమీటరు నిరోధాన్ని కొలిచేటప్పుడు కొద్ది వోల్టులే వాడుతుంది. అంత చిన్న ఒత్తిడికి పగిలిన ఎనామిల్ కూడా గట్టిదానిలాగే నిలబడుతుంది. ఏతం బానకు చిల్లి ఉందో లేదో చెంబెడు నీళ్లు పోసి చూస్తే తెలియదు, నిండా ముంచి పైకి లాగాలి. ఇన్సులేషన్ కూడా అంతే. అది రోజూ మోసే వోల్టేజీకి తగ్గ ఒత్తిడి పెట్టి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. అందుకే మెగ్గర్ 250, 500, 1000 వోల్టులు, పెద్ద యంత్రాలకైతే 2500, 5000 వోల్టులు పుట్టిస్తుంది. అదీ డీసీలో. ఏసీ పెడితే వైండింగ్‌కూ బాడీకీ మధ్య సహజంగా ఉండే కెపాసిటెన్స్ గుండా వెళ్లే కరెంటే ఎక్కువై, అసలు లీకేజీని కప్పేస్తుంది.

ఇన్సులేషన్‌ను కొలవాలన్న పట్టుదల ముందుగా మోటార్ల వల్ల రాలేదు, సముద్రం అడుగున వేసిన తంతి తీగల వల్ల వచ్చింది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున తొలి టెలిగ్రాఫ్ కేబుల్ పూర్తయింది. రాగితీగ చుట్టూ గట్టా పెర్చా అనే చెట్టు జిగురు తొడుగు. విక్టోరియా రాణి పంపిన సందేశం ఆవలి ఒడ్డుకు చేరడానికి సుమారు 16 గంటలు పట్టింది. సంకేతాలు బలహీనంగా ఉన్నాయని వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఎలక్ట్రీషియన్ సుమారు 2000 వోల్టులు ప్రయోగించాడు. అప్పటికే లోపాలున్న తొడుగు ఆ దెబ్బకు తట్టుకోలేకపోయింది. మూడు, నాలుగు వారాల్లో కేబుల్ మూగబోయింది. ఆ వైఫల్యంపై విచారణ జరిగి, 1861లో నివేదిక వచ్చింది. విలియం థామ్సన్ రూపొందించిన సున్నితమైన గాల్వనామీటర్లతో, కేబుల్ తయారయ్యేటప్పుడే ముక్క ముక్కనూ పరీక్షించే పద్ధతి ఆ తర్వాత బలపడింది. కానీ అవి బల్ల మీద జాగ్రత్తగా అమర్చుకోవలసిన పరికరాలు, భుజాన వేసుకుని తిరిగేవి కావు.

ఇళ్లకు, ఫ్యాక్టరీలకు విద్యుద్దీపాలు వస్తున్న రోజుల్లో ఆ కొరత తీర్చినవాడు సిడ్నీ ఎవర్‌షెడ్ అనే ఆంగ్ల ఇంజనీరు. 1889లో ఆయన ఎక్కడికైనా మోసుకుపోగల ఇన్సులేషన్ పరీక్ష పరికరం తయారుచేశాడు. 1895లో ఎర్నెస్ట్ విన్యోల్స్‌తో కలిసి ఎవర్‌షెడ్ అండ్ విన్యోల్స్ సంస్థను నెలకొల్పాడు. మెగాఓమ్ అన్న మాటను గుర్తుచేసే 'మెగ్గర్' పేరు 1903లో వ్యాపార చిహ్నంగా నమోదయింది. ఆ పేరుతో ఉన్న కంపెనీ ఇంగ్లండ్‌లోని డోవర్ నుంచి ఈనాటికీ పరికరాలు తయారుచేస్తోంది. ఎవర్‌షెడ్ పరికరం చేసి ఊరుకోలేదు. తేమ పీల్చే పదార్థాల్లో నిరోధం ఎందుకు పడిపోతుందో ఏళ్ల తరబడి పరిశోధించాడు. వాటి రంధ్రాల్లో ఉన్న నీటి పొరలు వోల్టేజీ పెరిగేకొద్దీ సాగి దారులు కలుపుకుంటాయనీ, అందుకే ఒత్తిడి పెంచితే నిరోధం తగ్గుతుందనీ వివరించాడు. మెగ్గర్ పరీక్షలో వోల్టేజీ ఎంపికకు ఎందుకంత ప్రాధాన్యమో ఆ పరిశోధన చదివితే అర్థమవుతుంది.

పాత చేతి మెగ్గర్ లోపలి అమరిక ఎంతో అందమైనది. పిడి తిప్పితే చిన్న డీసీ జనరేటరు తిరుగుతుంది. నిమిషానికి సుమారు 160 చుట్ల వేగం దాటితే లోపలి క్లచ్ జారి, వోల్టేజీ పెరగకుండా నిలబెడుతుంది. ముల్లుకు ఒకదానికొకటి కోణంలో బిగించిన రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి వోల్టేజీని బట్టి, ఇంకొకటి జారిపోతున్న కరెంటును బట్టి ముల్లును చెరోవైపు లాగుతాయి. రెండింటి పోటీలో ముల్లు నిలిచే చోటే నిరోధం విలువ. రెండు చుట్టలకూ కరెంటు ఒకే జనరేటరు నుంచి వస్తుంది కాబట్టి చెయ్యి కొంచెం అటూ ఇటూ తిరిగినా లెక్క తప్పదు. ముల్లును వెనక్కి లాగే స్ప్రింగు ఇందులో ఉండదు. అందుకే వాడనప్పుడు ముల్లు తనకిష్టమైన చోట పడి ఉంటుంది. అది చూసి పరికరం చెడిపోయిందనుకునే కొత్త కుర్రాళ్లు ఉంటారు. వైర్లు విడిగా ఉంచి తిప్పితే అనంతం, వైర్లు కలిపి తిప్పితే సున్నా చూపాలి. పరీక్షకు ముందు ఈ రెండూ చూసుకోవడం మంచి పనివాడి అలవాటు.

ఇప్పటి చేతి మెగ్గర్‌లో పిడి లేదు. నాలుగో ఆరో మామూలు సెల్లులు, వాటి కొద్ది వోల్టులను వెయ్యి వోల్టుల దాకా పెంచే ఎలక్ట్రానిక్ సర్క్యూట్, నానో ఆంపియర్ల దాకా కొలవగల యాంప్లిఫయరు, అంకెల తెర ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61557-2 ప్రకారం ఇది ఒక మిల్లీ ఆంపియరు ఇస్తున్నప్పుడు కూడా వోల్టేజీ పడిపోకూడదు. వైర్లు కలిసిపోయినా 15 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. జపాన్, అమెరికా, ఇంగ్లండ్ కంపెనీలవే కాక నాసిక్‌లోని రిషభ్, మోట్వానే వంటి మన దేశపు సంస్థల పరికరాలూ బజారులో ఉన్నాయి. వాడుకలో సులువు చాలా పెరిగింది. ఆ సులువుతో వచ్చిన చిక్కు కూడా ఒకటి ఉంది. బటన్ నొక్కగానే తెర మీద అంకె కనబడటంతో, అక్కడితో కొలత అయిపోయిందని చాలామంది భావిస్తున్నారు.

అది పొరపాటు. బటన్ నొక్కిన క్షణంలో కనిపించే అంకెకు పెద్దగా విలువ లేదు. అప్పుడు ఇన్సులేషన్‌లోకి మూడు రకాల కరెంటు ఏకకాలంలో వెళుతుంది. మొదటిది కెపాసిటరును నింపినట్టు వైండింగ్‌నో కేబుల్‌నో నింపే కరెంటు, సాధారణంగా సెకన్లలో ముగిసిపోతుంది. రెండోది పదార్థంలోని అణువులు వోల్టేజీకి అనుగుణంగా మెల్లగా సర్దుకునేటప్పుడు తీసుకునేది, నిమిషాల తరబడి తగ్గుతూ పోతుంది. మూడోది నిజమైన లీకేజీ, ఎంతసేపయినా మారదు. మనకు కావలసింది మూడోదే. మొదటి రెండూ కరిగేకొద్దీ తెర మీద మెగాఓమ్‌లు పెరుగుతూ కనిపిస్తాయి. అందుకే సరిగ్గా ఒక నిమిషం ఆగి విలువ రాసుకోవాలని నియమం. ఒకరు 20 సెకన్లకు, ఇంకొకరు 60 సెకన్లకు చదివితే ఆ రెండు అంకెల్ని పోల్చడం దండగ.

ఈ పెరుగుదలనే ఒక పరీక్షగా మలిచారు. పదో నిమిషం విలువను మొదటి నిమిషం విలువతో భాగిస్తే వచ్చేది పోలరైజేషన్ ఇండెక్స్, క్లుప్తంగా పీఐ. ఉదాహరణకు ఒక మోటారు మొదటి నిమిషంలో 120, పదో నిమిషంలో 360 మెగాఓమ్‌లు చూపితే పీఐ 3. లీకేజీ స్వల్పమనీ, ఇన్సులేషన్ పొడిగా ఉందనీ అర్థం. ఇంకో మోటారు 40 దగ్గర మొదలై పది నిమిషాలకు 44కు మాత్రమే చేరితే పీఐ 1.1. తేమో మురికో గట్టి దారి వేసుకుని కూర్చుందన్నమాట. తిరిగే యంత్రాలకు సంబంధించిన ఐఈఈఈ 43 ప్రమాణం ఇప్పటి ఇన్సులేషన్ తరగతుల్లో చాలావాటికి కనీస పీఐ 2 ఉండాలంటుంది. మొదటి నిమిషంలోనే 5000 మెగాఓమ్‌లు దాటితే మాత్రం ఈ నిష్పత్తిని పట్టించుకోనక్కరలేదని కూడా అదే చెబుతుంది. జారే కరెంటు అంత చిన్నదైనప్పుడు భాగహారానికి అర్థం ఉండదు.

వేడి సంగతి తెలియక మోసపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. లోహాలకు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, ఇన్సులేషన్‌కు తగ్గుతుంది. అదీ మామూలుగా కాదు, స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ సగమవుతుంది. అప్పుడే ఆపిన మోటారు వైండింగ్ 60 డిగ్రీల దగ్గర 50 మెగాఓమ్‌లు చూపిందనుకుంటే, ప్రమాణం అడిగే 40 డిగ్రీలకు దాన్ని మార్చితే 200 అవుతుంది. మర్నాడు పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర అదే మోటారు 400 చూపుతుంది. రాత్రికి రాత్రి ఎవరూ దాన్ని బాగుచేయలేదు, చల్లబడిందంతే. కాబట్టి ఉష్ణోగ్రత రాయని మెగ్గర్ రికార్డు సగం రికార్డే.

ఇక తేమ. ముసురు పట్టిన రోజుల్లో మూలన పడి ఉన్న మోటారు, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతపు పంపుహౌసు మోటారు ఒక్కసారి నడపకపోయినా మెగాఓమ్‌లు పోగొట్టుకుంటాయి. కొత్తగా చుట్టి వార్నిష్ పోసిన వైండింగ్ ఓవెన్‌లో పూర్తిగా ఆరకపోయినా అంతే. తడిసిన మోటారును లోపల బల్బులు పెట్టో, హీటరు పెట్టో ఆరబెడుతూ మధ్యమధ్య మెగ్గర్ చూస్తే ఒక వింత కనిపిస్తుంది. మొదట విలువ పెరగాల్సింది పోయి ఇంకా పడిపోతుంది. వేడి ముందు పనిచేస్తుంది, తేమ ఆ తర్వాత గానీ కదలదు. విలువ అడుగుకు చేరి కాసేపు అక్కడే ఉండి, నీటి ఆవిరి బయటికి పోతున్నకొద్దీ మళ్లీ పైకి లేస్తుంది. పైకి లేచి స్థిరపడేదాకా ఓపిక పట్టనివాళ్లు అడుగున ఉన్న అంకె చూసి మంచి వైండింగ్‌ను పీకేస్తారు, లేదా సగం ఆరిన మోటారుకు కరెంటు ఇచ్చి కాల్చుకుంటారు.

రైతుకు మెగ్గర్ ఎక్కువగా పనికొచ్చేది బోరు దగ్గర. సబ్‌మెర్సిబుల్ మోటారు వందల అడుగుల లోతులో నీళ్లలో ఉంటుంది. దాన్ని బయటికి తీయాలంటే పైపులన్నీ ఎత్తాలి, మనుషుల్ని పెట్టాలి, ఒక రోజు పని పోతుంది, ఖర్చు సరేసరి. స్టార్టర్ డబ్బా దగ్గర కేబుల్ విప్పి, దాని లీడుకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ పెడితే, పైకి తీయకుండానే కింద పరిస్థితి తెలుస్తుంది. సబ్‌మెర్సిబుల్ మోటార్లు తయారుచేసే ఫ్రాంక్లిన్ ఎలక్ట్రిక్ సంస్థ మాన్యువల్ ప్రకారం బోరులో దింపిన కొత్త మోటారు 2 మెగాఓమ్‌లు లేదా అంతకు మించి చూపాలి. 0.5 నుంచి 2 మధ్య ఉంటే మంచి స్థితి. అంతకంటే దిగితే దెబ్బ ఎక్కడుందో వెతకాల్సిందే. నీళ్లలో దింపకముందు, కేబుల్ కలపనప్పుడు అదే మోటారు ఇంతకు ఎన్నో రెట్లు చూపుతుంది.

ఒడ్డున అంత ఉన్నది నీళ్లలో ఇంతేనా అని అనుమానం వస్తుంది. నిజానికి కేబుల్ ఎంత పొడవైతే ఇన్సులేషన్ నిరోధం అంత తక్కువ. పొడవు రెట్టింపయితే జారే దారులు రెట్టింపవుతాయి, నిరోధం సగమవుతుంది. పొడవాటి గట్టుకు ఊట ఎక్కువ ఉన్నట్టే ఇదీ. అందుకే కేబుల్ తయారీదారులు ఈ విలువను మెగాఓమ్-కిలోమీటర్లలో చెబుతారు. ఇంటి వైరింగ్‌కు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 732లోని పాత సూత్రం కూడా దీని నుంచే పుట్టింది: 50ని ఆ సర్క్యూట్‌లోని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే మెగాఓమ్‌ల కంటే తక్కువ ఉండకూడదు. పది పాయింట్లుంటే 5 మెగాఓమ్‌లు. అయితే మొత్తం ఇంటికి కలిపి ఒక మెగాఓమ్‌కు మించి అడగనక్కరలేదు.

చట్టం కూడా ఒక మెగాఓమ్ దగ్గరే గీత గీసింది. 1956 భారత విద్యుత్ నిబంధనల్లో 48వ నియమం కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు చూడాల్సిన లీకేజీ పరీక్ష గురించి చెప్పింది. తక్కువ, మధ్యస్థ వోల్టేజీ వైరింగ్‌లో 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పెట్టినప్పుడు కనీసం ఒక మెగాఓమ్ రావాలని అది కోరింది. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఈ విలువనే కొనసాగించాయి. అయితే ఇది అనుమతికి కావలసిన కనీసం. కొత్త పీవీసీ వైరింగ్ వందల మెగాఓమ్‌లు చూపాలి. కొత్త ఇంట్లో సరిగ్గా 1.2 వస్తే చట్టం ప్రకారం ప్యాసే. మనసున్న ఎలక్ట్రీషియన్ మాత్రం గోడలో ఏ పైపులోకి తడి దిగిందో, ఏ మేకు వైరును గీకిందో వెతక్కుండా వదిలిపెట్టడు.

ఇళ్లలో ఈ పరీక్ష చేసేటప్పుడు ఇప్పుడొక కొత్త జాగ్రత్త అవసరమైంది. ఎల్‌ఈడీ దీపాలు, ఫ్యాన్ల ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, ఇన్వర్టర్ ఏసీలు, సర్జ్ ప్రొటెక్టర్లు ఉన్నాయి. 500 వోల్టుల డీసీకి కొన్ని చెడిపోతాయి. సర్జ్ ప్రొటెక్టరు అయితే తన పని తాను చేస్తూ ఆ వోల్టేజీని ఎర్త్‌కు జారవిడిచి, వైరింగ్ పాడైందన్న భ్రమ కల్పిస్తుంది. వాటిని విడదీయాలి. వీలుకాకపోతే ఫేజు, న్యూట్రల్ కలిపి ఎర్త్‌తో మాత్రమే, అదీ 250 వోల్టులతో చూడాలి.

ఊరి చివర 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడు కొలతలు తీస్తారు: హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైండింగ్‌కూ ట్యాంకుకూ మధ్య, ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైండింగ్‌కూ ట్యాంకుకూ మధ్య, రెండు వైండింగ్‌లకూ మధ్య. బుషింగుల మీద దుమ్ము, తడి ఉంటే వాటి పైనుంచే కరెంటు జారి, లోపలి నూనె, కాగితం మంచివైనా విలువ పడిపోతుంది. పెద్ద మెగ్గర్‌లకు లైన్, ఎర్త్‌తో పాటు గార్డ్ అనే మూడో టెర్మినల్ ఉండేది ఇందుకే. బుషింగు మెడకు బిగుతుగా రాగితీగ చుట్టి గార్డ్‌కు కలిపితే, ఉపరితలం మీది లీకేజీ లెక్కలోకి రాకుండా పక్కదారి పడుతుంది. నూనె తీసి ట్యాంకును వాక్యూమ్‌లో ఉంచినప్పుడు మాత్రం మెగ్గర్ పెట్టకూడదు. పల్చబడిన గాలిలో తక్కువ వోల్టేజీకే నిప్పురవ్వ దూకుతుంది.

మెగ్గర్‌కు కనిపించనివీ ఉన్నాయి. వైండింగ్‌లో పక్కపక్క చుట్లు ఒకదానికొకటి తగిలితే, అవి బాడీకి తగలనంతవరకు మెగ్గర్ వందల మెగాఓమ్‌లు చూపుతూనే ఉంటుంది. దాన్ని పట్టడానికి సర్జ్ పరీక్ష వేరుగా ఉంది. ఎండి పెళుసుబారిన పాత ఇన్సులేషన్ కూడా కదిలించనంతవరకు మంచి విలువే ఇస్తుంది. ఆ రోజు అంకె ఒక్కటే చూసి ఏ మోటారుకూ మార్కులు వేయలేము. ప్రతి ఏటా అదే నెలలో, అదే వోల్టేజీతో, ఒక నిమిషం కొలత, ఉష్ణోగ్రతతో సహా రాసుకుంటూ వస్తే, 800, 750, 700 అని నెమ్మదిగా దిగే మోటారుకూ, 700 నుంచి ఒక్కసారి 60కి జారిన మోటారుకూ తేడా తెలుస్తుంది. రెండోదానిలో 60 అన్న అంకె నిబంధనలకు సరిపోయినా, దాన్ని విప్పి చూడాల్సిందే.

పరీక్షించే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, సప్లై లేదని టెస్టరుతో రూఢి చేసుకోవాలి. కేబుల్ అవతలి కొసన ఎవరూ దాన్ని ముట్టుకోకుండా మనిషిని నిలబెట్టాలి. పరీక్ష ముగిశాక వైండింగ్‌లో, పొడవాటి కేబుల్‌లో ఆ వోల్టేజీ నిలిచి ఉంటుంది. ముట్టుకుంటే కొడుతుంది. మంచి మెగ్గర్లు బటన్ వదలగానే దాన్ని తమలోకి దించుకుని, తెర మీద వోల్టులు సున్నాకు దిగడం చూపిస్తాయి. పెద్ద యంత్రాలకు అది చాలదు. ఎంతసేపు పరీక్షించారో దానికి కనీసం నాలుగు రెట్ల సేపు లీడును ఎర్త్‌కు కలిపి ఉంచాలని ఐఈఈఈ 43 చెబుతుంది. పీఐ పరీక్ష పది నిమిషాలైతే, నలభై నిమిషాలు గడిచాకే ఎర్త్ వైరు తీసి లీడ్లు తిరిగి బిగించాలి.